మూర్ఛ మందులు – గర్భిణీ స్త్రీలు



మూర్ఛరోగమునకు మందు మ్రింగుచున్న స్త్రీ గర్భవతి యైనప్పుడు ఆ మందువలన కడుపులోని శిశువునకు కీడు కలుగునా, కలిగినచో దానిని తప్పించు ఉపాయమేమి అను విషయమును గూర్చి ఈ సాయంకాలము మీతో ముచ్చటింపవలెనని వచ్చితిని. “ఇది ఆడవారి సంగతి, మనకెందుకు?” అని మీలో కొందఱు లేచిపోవుదురేమో! కొంచెము ఓపిక పట్టుడు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో పిల్లకు సంబంధము విచారించువారు మీరు. తాంబూలములు మార్చుకొనువారు మీరు. అవతలివారికి ఏ మాట చెప్పవలెనో, ఏ మాట దాచవలెనో నిర్ణయించువారును మీరే. కనుక ఈ విషయము ఆ ఆడుబిడ్డలకంటె ముందుగా మీ చెవిని వేయవలసియున్నది.

మొదట నా తప్పొకటి చెప్పుకొందును. నేను ఈ సీమలో ముప్పదియైదేండ్లు వైద్యము చేసి విశ్రాంతి తీసికొన్నవాడను. చాల యేండ్లక్రిందట పలమనేరు దాపున నున్న యొక పల్లెనుండి ఒక రైతు పదునాలుగేండ్ల కూతును నా యొద్దకు తీసికొనివచ్చెను. పిల్ల బడిలో రెండుమాఱులు కొయ్యబాఱి క్రిందపడి గిలగిల కొట్టుకొన్నది. మొదటిమాఱు చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టిరి. రెండవమాఱు ఎఱ్ఱగడ్డ చిదిపి వాసన చూపిరి. పడినప్పుడు ముంజేయి విఱుగగా పుత్తూరునకు తీసికొనిపోయి కట్టు కట్టించిరి. చేయి అతుకుకొన్నది గాని మూర్ఛ మానలేదు. నేను పరీక్షించి వాల్‌ప్రోయేట్ అను మందు వ్రాసియిచ్చితిని. ఏడేండ్లలో ఆ పిల్లకు ఒక్కమాఱైనను ఫిట్స్ రాలేదు. తండ్రి సంతోషించెను, నేను గర్వపడితిని. ప్రతి ఆఱునెలలకును వచ్చినప్పుడు అదే మందు తిరిగి వ్రాయుచుంటినే గాని, ఈ పిల్ల పెద్దదగుచున్నది, రేపో మాపో పెండ్లి యగును, ఈ మందు అప్పటికి తగునా అని ఆలోచింపనైతిని.

పెండ్లి యైనది. మగపెండ్లివారికి రోగము సంగతి చెప్పలేదు. మాత్రలపై నున్న పేరు కనబడకుండ వేఱొక సీసాలో పోసి, బలమునకు మ్రింగు మాత్రలని చెప్పి పంపిరి. అత్తవారింట ఆ పిల్ల వంటింటి అలమరవెనుక ఆ సీసాను దాచుకొని, రెండుపూటల తప్పక మ్రింగుచుండెను. అయిదవ నెలలో స్కాను తీసినవారు శిశువునకు వెన్నెముక మూసికొనలేదని చెప్పిరి. అప్పుడు తల్లియును ఆ పిల్లయును నా యొద్దకు వచ్చిరి. నన్ను వారు నిందింపలేదు. తల్లి ఒక్కమాట మాత్రము చెప్పినది: “మీరు రాసిచ్చిన మాత్ర ఒక్క పూటైనా మానలేదు, సామీ.”

ఆ బిడ్డ బ్రదికినాడు. పుట్టినప్పుడే వీపున శస్త్రము చేసిరి. కాళ్లకు ఇనుపబద్దలు కట్టుకొని నడచును. మూత్రము తనంతట రాదు గనుక దినమునకు అయిదాఱుసారులు గొట్టముతో తీయవలెను. చదువులో చురుకైనవాడే. అయినను ఆ తల్లి మాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది. ఏలయనగా, నేనా మందు వ్రాయుచున్న దినములకు దాని దోషము లోకమునకు తెలియనిది కాదు.

ఆ దోషమేమో చెప్పుటకు ముందు, శిశువు ఏర్పడు క్రమమును ఒక్కింత తెలిసికొనవలెను. గర్భము నిలిచిన పిమ్మట మొదటి 28 దినములలోనే శిశువు మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాళము, విప్పియున్న ఆకు రెండంచులు చుట్టుకొని దొన్నెయైనట్లు, మూసికొనిపోవును. గుండెయు, పెదవులును, అంగిలియు, చేతులు కాళ్లును తరువాతి కొలది వారములలో రూపు దిద్దుకొనును. మూడవ నెల నిండునప్పటికి అవయవనిర్మాణము ఇంచుమించు ముగిసినట్లే, ఆపైన పెరుగుదల. మన యిండ్లలో జరుగునదేమి? నెల తప్పినదని గుర్తించి, సిగ్గువిడిచి పెద్దవారికి చెప్పి, మంచిదినము చూచుకొని వైద్యునికడకు వచ్చునప్పటికి ఆ 28 దినములు ఎప్పుడో చెల్లిపోయియుండును. వెన్నెముక మూసికొనవలసిన గడువు దాటిపోయిన తరువాత మందు మార్చినను, మానినను ఆ లోపము తిరిగి సరిపడదు.

పై పెదవి చీలిపుట్టిన బిడ్డను చూచి మనవారు గ్రహణపు మొఱ్ఱి యందురు. గ్రహణమునాడు గర్భిణిని చీకటిగదిలో కూర్చుండబెట్టి, కత్తిపీట ముట్టనీయక, కాలు కదపనీయక కాపాడుదురు. సూర్యచంద్రుల గ్రహణములు పెదవిని చీల్చవు. అయినను ఆ ఆచారములో బిడ్డపై గల ప్రేమ కనబడుచున్నది గనుక నేను దానిని చూచి నవ్వను. ఏటికొక దినమో రెండుదినములో వచ్చు గ్రహణమునకు ఇంత జాగ్రత్తపడు మనము, దినమునకు రెండుమాఱులు గొంతు దిగుచున్న మాత్ర యెట్టిదని అడుగకుండుటయే వింత. నిజముగా పెదవిని చీల్చగల మందులు మూర్ఛమందులలో కొన్ని కలవు.

మూర్ఛ యనగా మెదడులోని నరకణములు ఒక్కుమ్మడిగా అదుపుతప్పి విద్యుత్ప్రవాహమును వెలువరించుట. కాకిసోమాల యనినను, అపస్మార మనినను, ఫిట్స్ అనినను ఇదియే. ఇది గాలి కాదు, దయ్యము కాదు, అంటురోగమును కాదు. 1857లో దీనికి బ్రోమైడు ఉప్పులు వాడనారంభించిరి. 1912లో ఫినోబార్బిటాను వచ్చినది. గార్డినాలు అని మీరెఱిగినది ఇదే. 1938లో ఫెనిటాయిను వచ్చినది. మందులయంగడిలో ఎప్టాయిన్ అని దొరకును. తరువాత కార్బమజిపీను వచ్చినది. 1967లో వాల్‌ప్రోయేటును ఫ్రాంసుదేశమున అమ్మకమునకు విడుదల చేసిరి. మనకది వాల్పరిన్, ఎన్‌కోరేట్ మొదలగు పేర్లతో దొరకును. పలువిధములైన మూర్ఛలకు ఇంత చక్కగా పనిచేయు మందు మఱియొకటి లేదని వైద్యులు దానిని తలకెత్తుకొనిరి. మూర్ఛకే గాక తలనొప్పికిని మనోవ్యాధులకును గూడ వ్రాసిరి, నేటికిని వ్రాయుచున్నారు.

1968లో మెడో అను ఆంగ్లేయ వైద్యుడు లాన్సెట్ అను పత్రికకు ఒక చిన్న లేఖ వ్రాసెను. మూర్ఛమందులు మ్రింగిన తల్లులకు పెదవి చీలిన బిడ్డలు పుట్టుట తాను గమనించితిననియు, ఇతర వైద్యులును ఇట్టివి చూచినచో తెలుపవలసినదనియు అందలి సారాంశము. 1982లో ఫ్రాంసుదేశపు లియాన్ నగరములో వెన్నెముక మూసికొనని శిశువుల పట్టికను పరిశీలించుచుండగా, వారి తల్లులలో వాల్‌ప్రోయేటు వాడినవారు ఉండవలసినదానికంటె చాల ఎక్కువమంది కనబడిరి. అనుమానము అక్కడనుండి బలపడినది. అయినను ఒక్క వైద్యుడు తన జీవితకాలమున చూచు ఇట్టి గర్భిణులు పదిమందియో ఇరువదిమందియో. అంత కొద్దిమందిని చూచి ఏ మందు ఎంత చెఱుపు చేయునో తేల్చుట సాధ్యము కాదు. అందుచేత మూర్ఛగల గర్భిణులను ఒక పుస్తకములో నమోదుచేసికొని, వారేమి మ్రింగిరో, బిడ్డ యెట్లు పుట్టెనో, ఎట్లు పెరిగెనో వ్రాసియుంచు పద్ధతి వచ్చినది. మన పొరుగున తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్యసంస్థలో 1998లో డాక్టరు సంజీవ్ వి. థామస్‌గారు అట్టి నమోదు ప్రారంభించిరి. యూరాప్ అను పేరుగల నమోదు ఐరోపాలో మొదలై అనేక దేశములకు వ్యాపించినది. వందలకొలది, వేలకొలది తల్లులు తమ కష్టసుఖములను వ్రాయించుకొనుటచేత మనకీనాడు లెక్కలు దొరకినవి.

ఆ లెక్కలు చెప్పెదను, శ్రద్ధగా వినుడు. ఏ మందును మ్రింగని తల్లులకు పుట్టు బిడ్డలలో సైతము నూటికి 2, 3 మందికి పెద్ద అవయవలోపము ఉండును. 2018లో ప్రకటింపబడిన యూరాప్ లెక్కలనుబట్టి లామోట్రిజిన్ వాడిన తల్లుల బిడ్డలలోను, లెవెటిరాసిటమ్ వాడిన తల్లుల బిడ్డలలోను లోపములు నూటికి మూడింటికి మించలేదు. అనగా తక్కిన లోకముతో ఇంచుమించు సమానము. కార్బమజిపీనుతో నూటికి 5, 6. ఫినోబార్బిటాను, ఫెనిటాయినులతో 6, 7. వాల్‌ప్రోయేటుతో నూటికి 10. అందులోను మోతాదు పెరిగినకొలది కీడు పెరుగును. దినమునకు 1450 మిల్లీగ్రాములు దాటినచో నలుగురు బిడ్డలలో ఒకరికి లోపము కనబడినది. వెన్నెముక మూసికొనకపోవుటయే వాల్‌ప్రోయేటువలన నూటికి ఒకరిద్దఱికి కలుగును. గుండెలో రంధ్రములు, పెదవి అంగిళ్ల చీలిక, మగబిడ్డలలో మూత్రద్వారము ఉండవలసిన చోట ఉండకపోవుట మొదలగునవి తక్కినవి. రెండుమూడు మందులు కలిపి వాడునప్పుడు, వానిలో వాల్‌ప్రోయేటు ఒకటియైనచో, ప్రమాదము ఇంకను హెచ్చు.

ఇంతకంటె దుఃఖకరమైన సంగతి యింకొకటి కలదు. అవయవములన్నియు సరిగా నుండి, చూచుటకు ముద్దుగానున్న బిడ్డ మూడేండ్లు వచ్చినను మాటలాడడు, పిలిచిన పలుకడు, బడిలో వెనుకబడును. వాల్‌ప్రోయేటు వాడిన తల్లుల బిడ్డలలో నూటికి 30 మొదలు 40 మందివఱకు ఇట్టి బుద్ధివికాసపు చిక్కులు కనబడుచున్నవి. అమెరికా, ఇంగ్లండు దేశములలో ఆఱేండ్ల పిల్లలను పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఈ మందు వాడిన తల్లుల పిల్లల బుద్ధిసూచిక సగటున 97. లామోట్రిజిన్ వాడిన తల్లుల పిల్లలది 108. మెదడు తొమ్మిదినెలలును పెరుగుచునే యుండును గనుక ఈ కీడు మొదటి నెలలతో తీరిపోవునది కాదు. ఇది స్కానులో కనబడదు. పల్లెలో అట్టి పిల్లవానిని చూచి మొద్దువాడందురు, తల్లి పెంపకము చెడ్డదందురు. ఆ తల్లి దాచుకొని మ్రింగిన మాత్రకును ఆ పిల్లవాని మాట రాకపోవుటకును ముడివేయువా రెవరును ఉండరు. 2018లో ఐరోపాదేశములవారు, వేఱు మందు పనిచేయునప్పుడు పిల్లలు కనదగిన వయసు స్త్రీలకు వాల్‌ప్రోయేటు ఇయ్యరాదనియు, తప్పనిసరియై ఇచ్చినచో గర్భము రాకుండ ఏర్పాటు చేసికొన్న తరువాతనే ఇయ్యవలెననియు కట్టుదిట్టము చేసిరి. 1982లో బలపడిన యనుమానము 2018కి గాని అంతటి కట్టుబాటుగా మాఱలేదు. నావంటి వైద్యుల నిర్లక్ష్యము ఆ మధ్యకాలములో ఎన్ని యిండ్లలో ప్రవేశించినదో!

ఇంతవఱకు విని, “అయితే ఈ మాత్రలు రేపే మాన్పించెదము” అనుకొనువారు ఉందురు. వారిని చేతులు జోడించి ఆపుచున్నాను. ఈ తొందరవలన జరిగిన యనర్థము నేను చూచియున్నాను. ఒక యువకుడు తన ఫోనులో ఎవరో పంపిన మాట చదివి, ఏడవ నెల గర్భిణియైన భార్యచేత మాత్రలు ఒక్కసారిగా మాన్పించెను. నాల్గవనాటి తెల్లవాఱుజామున ఆమెకు మూర్ఛ వచ్చి, తెలివి రాకముందే మఱల వచ్చి, అట్లు ఒకదానిపై నొకటి గంటసేపు కొట్టివేసినది. తల్లిని దక్కించుకొంటిమి, బిడ్డను దక్కించుకొనలేకపోతిమి. పెద్దమూర్ఛ వచ్చినపుడు తల్లికి ఊపిరి నిలుచును, శిశువునకు ప్రాణవాయువు తగ్గును. పొయ్యిపై పడవచ్చును, బావిలో పడవచ్చును, నిద్రలోనే ప్రాణము పోవచ్చును. ఏడవ నెలలో మాత్ర మాన్పించినంతమాత్రమున మొదటి నెలలో జరుగవలసిన కీడు వెనుకకు మరలదని ఇంతకుముందే చెప్పితిని గదా. కావున గర్భము వచ్చిన తరువాత ఎవరును తమంతట మందు మానరాదు, తగ్గింపరాదు. వెంటనే వైద్యునికి చెప్పవలెను. ఆయన చెప్పువఱకు పాతమందే మ్రింగవలెను.

మంచిమాట యొకటియు చెప్పవలెను. మూర్ఛగల స్త్రీలలో నూటికి తొంబదిమందికి మించి ఆరోగ్యమైన బిడ్డలనే కందురు. గర్భకాలమంతయు మూర్ఛ ఒక్కమాఱైన రాకుండ గడుపువారు మూడింట రెండువంతులు. తల్లికి మూర్ఛ యున్నంతమాత్రమున బిడ్డకు వచ్చునను నమ్మకమును చాలవఱకు తప్పు. నూటికి 90కి పైగా పిల్లలకు రాదు. మూర్ఛగల పిల్ల పెండ్లికి పనికిరాదనుట అన్యాయము.

మఱి ఉపాయమేది? గర్భము రాకముందే మందు మార్చుట. ఇది చెప్పినంత సులభము కాదు. ఇందులో కావలసినది డబ్బుకంటె కాలము. లామోట్రిజిన్ అను మందును మొదట అతిస్వల్పముగా మొదలిడి, వారములకొలది కొంచెము కొంచెముగా పెంచవలెను. తొందరపడినచో ఒడలంతయు పొక్కి ప్రాణము మీదికి రావచ్చును. వాల్‌ప్రోయేటు వాడుచున్నవారికి దానిని ఇంకను నెమ్మదిగా ఎక్కింపవలెను. అది నిలద్రొక్కుకొన్న పిమ్మట పాతమందును మెల్లగా దింపవలెను. ఆ మార్పులో మూర్ఛ తిరిగి వచ్చునేమో కనిపెట్టి చూడవలెను. లెవెటిరాసిటమ్‌ను, అనగా లెవిపిల్ మొదలగు పేర్లతో అమ్మునదానిని, కొంత త్వరగా ఎక్కింపవచ్చును. కాని కొందఱికి దానివలన కోపము, చికాకు, దిగులు కలుగును. అంతయు కలిపి నెలలు పట్టునని యెంచుకొనుడు. కొందఱికి వాల్‌ప్రోయేటు తప్ప వేఱేదియు పనిచేయదు. వారికి మోతాదును వీలైనంత తగ్గించి, ఉన్న సంగతి వారికి విప్పిచెప్పి, నిర్ణయము వారికే విడువవలెను.

ఈ నెలలు మనకెక్కడ దొరకును? నిశ్చయతాంబూలమునకును ముహూర్తమునకును నడుమ దొరకును. పెండ్లియైన తరువాత బిడ్డకొఱకు తొందరపెట్టకయున్నచో అప్పుడును దొరకును. కాని సంగతి దాచిన యింట ఇవి రెండును దొరకవు. దాచిన పిల్ల, “కొన్నాళ్లు ఆగుదము” అని భర్తతో చెప్పలేదు, కారణమడిగిన బయటపడును. వైద్యునికడకు పోలేదు; అత్తగారు వెంట వత్తురు. ప్రసవపు డాక్టరు “ఏమైనా మందులు వాడుచున్నారా?” అని అందఱి యెదుట అడిగినచో లేదని తల ఊపును. మూర్ఛను దాచుటవలన సంబంధము చెడునేమోయని మీరు భయపడుచున్నారు. నేను భయపడునది, దాచుటవలన బిడ్డను కాపాడుకొనవలసిన గడువు జాఱిపోవుననియే.

దాచుటకు ఒకప్పుడు చట్టమే కారణమైనది. 1955నాటి హిందూవివాహ చట్టమునకు 1976లో చేసిన సవరణలో, మాటిమాటికి మూర్ఛ వచ్చుచుండుటను పిచ్చితోపాటు వివాహమునకు అడ్డుగా చేర్చిరి. అట్టి పెండ్లిని కోర్టుకు పోయి రద్దుచేయించుకొనుటకు వీలుండెను. 1999లో పార్లమెంటు ఆ మాటను చట్టమునుండి తొలగించినది. మూర్ఛ యున్నదను కారణము మాత్రముచేత పెండ్లి చెడదు. ఈ సంగతి తెలిసినవారు మన పల్లెలలో ఎందఱున్నారు? కాణిపాకమున వరసిద్ధి వినాయకునియెదుట అబద్ధపు ప్రమాణము చేయుటకు మనవారు వణకుదురు. అదే మనుష్యులు పెండ్లిచూపులనాడు, “పిల్లకు ఏ రోగమును లేదు” అని నిశ్చింతగా చెప్పుదురు. చెప్పుటవలన కొన్ని సంబంధములు తప్పిపోవును. ఆ మాట నేను దాచను. తప్పిపోయిన సంబంధమునకై ఏడ్చిన తండ్రులను నేనెఱుగుదును. అయినను తెలిసి చేసికొన్న వరుడే ఆ పిల్ల రాత్రి కొట్టుకొనునపుడు ప్రక్కకు త్రిప్పి పండబెట్టును. తెలియనివాడు భయపడి తాళపుచెవులు వెదకును.

గర్భము వచ్చుటకు ముందునుండియే మ్రింగవలసిన మఱియొక మాత్ర కలదు, ఫోలిక్ ఆమ్లము. దీని కథలో మన తెలుగువా డొకడున్నాడు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనశాలలో తాను నడపిన బృందముచేత 1945లో ఈ ఆమ్లమును తయారు చేయించిరి. ఆయన సోదరులు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధితో మరణించిరి. ఆ వ్యాధికిని రక్తహీనతకును ఇది మందైనది. ఆయన 1948లో కాలధర్మము నొందిరి. ఇది గర్భస్థశిశువు వెన్నెముకను గూడ కాపాడునని ఆయన ఎఱుగరు. 1991లో బ్రిటిషు వైద్యపరిశోధకమండలి ప్రకటించిన పరీక్షలో, వెన్నెముక లోపమున్న బిడ్డను ఒకమాఱు కన్న తల్లులు మరుసటి గర్భమునకు ముందునుండియే దీనిని మ్రింగినచో ఆ లోపము మఱల వచ్చుట పదింట ఏడువంతులు తగ్గినది. మూర్ఛమందు వాడు స్త్రీలకు సామాన్యముగా 5 మిల్లీగ్రాముల మాత్రను వైద్యులు వ్రాయుదురు. చాల చవుక. అయితే దీనిని మ్రింగుచున్నాము గదా అని వాల్‌ప్రోయేటు కీడు తొలగిపోయినదని నమ్మరాదు.

ఎక్కడికి పోవలెనని అడుగుదురు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో నాడీరోగవిభాగము కలదు. చిత్తూరువారికి వేలూరు కూతవేటు దూరము. అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలలో 1949లో జాకబ్ చాండీగారు నెలకొల్పిన మెదడు శస్త్రవైద్యశాఖ భారతదేశమున మొట్టమొదటిది. ఆ వేలూరు జిల్లాలోనే చేసిన పరిశీలనలో, మూర్ఛ తగ్గక బాధపడుచున్నవారిలో మూడవవంతు మందికి కారణము పందిమాంసపు బద్దెపురుగు గ్రుడ్లు కడుపులోనికి పోయి మెదడులో తిత్తులు కట్టుట యని తేలినది. పందిమాంసము ముట్టనివారికిని కడుగని ఆకుకూరలవలన, కడుగుకొనని చేతులవలన ఇది వచ్చును. అట్టివారిలో కొందఱికి ఆ తిత్తి కరగిపోయినపిమ్మట మందు మాన్పుటకు వీలగును. కనుక పెండ్లి యీడునకు వచ్చిన పిల్లను, “ఈ మందు ఇంకను అవసరమా? అవసరమైనచో ఇదియేనా?” అని అడుగుటకే ఒకమాఱు తీసికొనిపోవలెను. ఆకుమందు పొడులని నమ్మి అమ్మకములకు మోసపోకుడు. అట్టి పొడులలో కొన్నింట ఫినోబార్బిటాను మొదలగు మందులే కలిపియుండుట పరీక్షలలో బయటపడినది. మోతాదు తెలియని ఆ మందు గర్భిణికి మఱింత అపాయము.

గర్భము నిలిచినపిమ్మట కొన్ని మందులు, ముఖ్యముగా లామోట్రిజిన్, రక్తములో పలుచబడిపోవును. నెలలు పెరిగినకొలది మోతాదు పెంచవలసివచ్చును. అంతకుమున్ను సరిపోయిన మాత్ర చాలక మూర్ఛ వచ్చినచో బెదరిపోకుడు. అయిదవ నెలలో టిఫ్ఫా యను స్కాను తప్పక తీయింపవలెను. ప్రసవము ఆసుపత్రిలోనే కావలెను. మూర్ఛ యున్నంతమాత్రమున కడుపు కోయనక్కఱలేదు. బిడ్డకు చనుబాలు మాన్పింపరాదు. ఒక్క జాగ్రత్త మాత్రము: మనవారు కాళ్లు చాపుకొని, బిడ్డను కాళ్లపై పండబెట్టి, వేడినీళ్లు పోసి స్నానము చేయింతురు. మూర్ఛగల తల్లి ఒంటరిగా ఆ పని చేయరాదు. ఆమె చాపపై కూర్చుండి పాలియ్యవలెను; రాత్రి బిడ్డ ఏడ్చినపుడు వేఱొకరు లేచి ఎత్తుకొనినచో ఆమెకు నిద్ర దక్కును. నిద్ర లేమి మూర్ఛకు పుట్టిల్లు.

పలమనేరు పిల్లమాట ముగించి సెలవు తీసికొందును. మొదటి బిడ్డ పుట్టిన పిమ్మట సంగతి దాగలేదు. అత్తగారు నాయొద్దకు వచ్చి, “ముందే చెప్పుంటే మేము వద్దంటామా?” అని కోపపడినది. అనియుందురో, అనియుండరో నేను చెప్పజాలను. మూడేండ్ల తరువాత ఆమెయే కోడలిని వెంటబెట్టుకొనివచ్చి, మఱల బిడ్డ కావలెనన్నచో ఏమి చేయవలెనని అడిగినది. ఈసారి నేను నాడీవైద్యులకడకు పంపితిని. లెవెటిరాసిటమ్ మొదలుపెట్టి, పాతమందు దింపుటకు ఎనిమిది నెలలు పట్టినది, నడుమ ఒకమాఱు మూర్ఛ వచ్చినది, మోతాదు సరిచేసిరి. ఆ తరువాతనే గర్భము నిలిచినది. ఆడుపిల్ల పుట్టినది, ఏ లోపమును లేదు. ఆ నెలలన్నింటను అత్తగారు, తమ యింటి గోడనున్న తిరుమల దేవస్థానము క్యాలెండరులో కోడలు మాత్ర మ్రింగిన ప్రతిపూటకును ఒక పసుపుబొట్టు పెట్టుచుండెడిది. కాన్పునకు పోవునపుడు ఆ క్యాలెండరును చుట్టి సంచిలో పెట్టుకొని వచ్చి డాక్టరు బల్లపై పఱచినది. పసుపుబొట్టు లేని పూటలు అందులో రెండే యుండెను. ఆ రెండును తాను ఊరిలో లేని దినములని ఆమె చెప్పినది.